చేతిలో ఓటు, కళాశాలలో లేని ఎన్నిక: గోదావరి విద్యార్థి యూనియన్ల కథ

సంక్రాంతి సెలవులు ముగిసి, ఊళ్లకు వెళ్లిన పిల్లలు పూర్తిగా తిరిగి రాకముందే గోదావరి జిల్లాల కళాశాలల్లో ఏటా ఒక కార్యక్రమం జరుగుతుంది. జనవరి 25, జాతీయ ఓటర్ల దినోత్సవం. 2011 నుంచి ఎన్నికల సంఘం జరిపిస్తోంది. విద్యార్థులను మైదానంలో వరుసగా నిలబెట్టి, చేయి ముందుకు చాపించి ప్రతిజ్ఞ చేయిస్తారు. కులానికి, మతానికి, ప్రలోభాలకు లోబడకుండా ప్రతి ఎన్నికలోనూ నిర్భయంగా ఓటు వేస్తామని అందరూ పలుకుతారు. అధికారులు మాట్లాడతారు, కొత్త ఓటర్లను అభినందిస్తారు, పిల్లలు తరగతులకు వెళ్లిపోతారు. వాళ్లు వెళ్లిన ఆ తరగతుల్లో, ఆ కళాశాల మొత్తంలో, వాళ్లు ఓటు వేయవలసిన ఎన్నిక ఒక్కటీ లేదు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కళాశాల యూనియన్ ఎన్నికలు ఆగిపోయింది 1980ల చివర. ఓటు వయసును 21 నుంచి 18కి దించిన 61వ రాజ్యాంగ సవరణ అమలులోకి వచ్చింది 1989 మార్చి 28న. డిగ్రీ చదివే కుర్రవాడికి శాసనసభ్యుణ్ణి ఎన్నుకునే అర్హత దక్కిన కాలంలోనే, తన కళాశాల కార్యదర్శిని ఎన్నుకునే అర్హత పోయిందన్న మాట. ఈ రెండూ ఒకే కాలంలో జరగడం యాదృచ్ఛికమే కావచ్చు. అయినా ఒక తరం తరువాత ఇంకో తరం ఈ వైరుధ్యాన్ని మామూలు విషయంగా మోసుకుంటూ రావడం మాత్రం యాదృచ్ఛికం కాదు.

విద్యార్థి ఎన్నికల ప్రస్తావన రాగానే వాదన రెండు పాత దారుల్లో పరుగెడుతుంది. చదువుకునే చోట రాజకీయాలేమిటని ఒకరు. ఎన్నికలు లేకపోతే రేపటి నాయకులు ఎక్కడి నుంచి వస్తారని మరొకరు. నా దృష్టిలో రెండూ అసలు విషయాన్ని తప్పిస్తున్నాయి. నిషేధం తరువాత కళాశాలల నుంచి రాజకీయాలు పోలేదు, నాయకులు పుట్టడమూ ఆగలేదు. పోయింది వేరే ఒకటి. అదేమిటో తెలియాలంటే ముందు కలగాపులగమైన కొన్ని సంగతులను విడదీయాలి.

యూనియన్ వేరు, సంస్థ వేరు

కళాశాల యూనియన్ అంటే ఆ కళాశాలలో చేరిన ప్రతి విద్యార్థీ, ఇష్టమున్నా లేకపోయినా, సభ్యుడయ్యే సంఘం. అధ్యక్షుడు, ఉపాధ్యక్షుడు, కార్యదర్శి, ఆటల కార్యదర్శి, సాంస్కృతిక కార్యదర్శి, తరగతి ప్రతినిధులు, అమ్మాయిల తరఫున ఒక ఎల్.ఆర్. (లేడీస్ రిప్రజెంటేటివ్). వీళ్లందరి మీదా ప్రిన్సిపల్ ఉంటాడు. డబ్బు ఆయన అనుమతి లేకుండా కదలదు. యూనియన్ చేసే పనులు చూడటానికి చిన్నవే: వక్తృత్వ పోటీలు, కళాశాల పత్రిక, వార్షికోత్సవం, ఆటల సామాను, మంచినీళ్లు, సైకిల్ షెడ్డు, గ్రంథాలయం వేళలు. కానీ ఆ పనులు చేసేవాడు ప్రతి విద్యార్థికీ జవాబు చెప్పుకోవాలి. ఓటు వేసినవాడికీ, వేయనివాడికీ.

విద్యార్థి సంస్థలు అలాంటివి కావు. 1936 ఆగస్టులో లక్నోలో పుట్టిన ఎ.ఐ.ఎస్.ఎఫ్., 1949లో వచ్చిన ఎ.బి.వి.పి., 1970లో ఏర్పడిన ఎస్.ఎఫ్.ఐ., 1971లో కాంగ్రెస్ అనుబంధంగా మొదలైన ఎన్.ఎస్.యు.ఐ., ఇవన్నీ నచ్చినవారు చేరే సంస్థలు. వీటికి ఒక సిద్ధాంతం, ఒక జెండా, కళాశాల గోడలకు బయట ఒక రాష్ట్ర కమిటీ ఉంటాయి. వీటి నాయకుడు తన సభ్యులకు, తన కమిటీకి జవాబుదారీ. పక్క బెంచీలో కూర్చున్న, ఏ సంస్థలోనూ చేరని విద్యార్థికి ఆయన లెక్క చెప్పవలసిన పని లేదు.

ఎన్నికలు జరిగే రోజుల్లో ఈ రెండూ ఒకదానినొకటి పట్టి ఉంచేవి. సంస్థలు తమ ప్యానెల్‌ను నిలబెట్టేవి. గెలిచిన ప్యానెల్ యూనియన్ అయ్యేది. గెలవాలంటే సిద్ధాంతం ఒక్కటే సరిపోదు, బి.కాం. రెండో సంవత్సరం వాళ్ల సైకిల్ షెడ్డు గురించి కూడా మాట్లాడాలి. ఎన్నికలు పోయాక యూనియన్ మాయమైంది, సంస్థలు మిగిలాయి. సంఘాలుగా ఏర్పడే స్వేచ్ఛ రాజ్యాంగం 19వ అధికరణంలోనే ఉంది కాబట్టి వాటిని ఎవరూ తీసివేయలేరు, తీసివేయకూడదు కూడా. ఫలితం ఏమిటంటే, రాజకీయాలను బయటకు పంపుతామని మొదలుపెట్టిన చర్య రాజకీయ అనుబంధమున్న భాగాన్ని వదిలేసి, అందరికీ జవాబు చెప్పే భాగాన్ని తీసేసింది.

ఇంకో చిక్కు గోదావరి డెల్టాకే ప్రత్యేకం. విశ్వవిద్యాలయ విద్యార్థి సంఘం అనగానే మన కళ్ల ముందు విశాఖలోని వాల్తేరు కొండలు, అక్కడి భవనాలు కదులుతాయి. ఆంధ్ర విశ్వకళా పరిషత్తు 1926లో బెజవాడలో మొదలై 1930లో వాల్తేరు చేరింది. 1973లో అక్కడి విద్యార్థి సంఘానికి అధ్యక్షుడైన న్యాయశాస్త్ర విద్యార్థి ఎం.వెంకయ్యనాయుడు తరువాత ఉపరాష్ట్రపతి అయ్యారు. అయితే ఆ సంఘంలో ఓటు ఉన్నది అక్కడి ప్రాంగణ కళాశాలల్లో చదివేవారికే. కాకినాడలోనో, భీమవరంలోనో, అమలాపురంలోనో డిగ్రీ చదివినవారి పట్టా మీద కూడా ఆంధ్ర విశ్వవిద్యాలయం ముద్రే ఉండేది. పరీక్ష పేపరు అక్కడి నుంచే వచ్చేది, ఫలితం అక్కడే తేలేది. ఓటు మాత్రం అక్కడ ఉండేది కాదు. 1926కు ముందైతే ఆ ముద్ర మద్రాసుది, మరీ దూరం. 2006లో రాజమహేంద్రవరంలో ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం ఏర్పడ్డాక విశ్వవిద్యాలయం ఇంటి ముంగిటికి వచ్చింది. అప్పటికి ఎన్నికలు పోయి చాలా ఏళ్లు. కాబట్టి గోదావరి విద్యార్థికి యూనియన్ అంటే చరిత్ర పొడవునా కళాశాల యూనియనే. దాని కథ అక్కడే వెతకాలి.

బ్యాడ్జీతో మొదలు

1907 ఏప్రిల్‌లో బిపిన్ చంద్రపాల్ రాజమండ్రి వచ్చి ఉపన్యాసాలు ఇచ్చారు. బెంగాల్ విభజన వేడి ఇంకా చల్లారని రోజులు. ఆయన ఇంగ్లీషు ఉపన్యాసాలను చిలకమర్తి లక్ష్మీనరసింహం అప్పటికప్పుడు తెలుగులో చెప్పేవారు. దేశాన్ని పాడి ఆవుతోనూ, తెల్లవారిని దూడల మూతులు బిగించి పాలు పితికేవారితోనూ పోల్చిన చిలకమర్తి పద్యం ఆ సభల నుంచి వచ్చిందే. వినడానికి వచ్చినవారిలో ప్రభుత్వ కళాశాల, ట్రైనింగ్ కళాశాల విద్యార్థులు పెద్ద సంఖ్యలో ఉన్నారు.

తరువాత జరిగినది డెల్టాలో విద్యార్థుల తొలి సామూహిక చర్యల్లో ఒకటి. వాళ్లు వందేమాతరం బ్యాడ్జీలు పెట్టుకుని తరగతులకు వచ్చారు. ప్రిన్సిపల్ మార్క్ హంటర్ వద్దన్నాడు. వాళ్లు తీయలేదు. ఎందరో విద్యార్థులపై వేటు పడింది. ట్రైనింగ్ కళాశాల విద్యార్థి గాడిచర్ల హరిసర్వోత్తమరావును బయటకు పంపడమే కాకుండా ప్రభుత్వోద్యోగానికి పనికిరాకుండా చేశారు. ఉపాధ్యాయుడు కావలసిన మనిషి మరుసటి ఏడాదికల్లా బెజవాడలో 'స్వరాజ్య' పత్రిక నడిపి, అందులోని రాతకు జైలుకు వెళ్లాడు. ఒక బ్యాడ్జీ తీయమన్నందుకు దొరతనం కొనుక్కున్నది ఇది.

ఆ మే 31న కాకినాడలో ఇంకా ఘోరం జరిగింది. దారిన పోతున్న కెంప్ అనే దొర వినేలా వందేమాతరం అన్నందుకు కోపల్లె కృష్ణారావు అనే విద్యార్థిని ఆ దొర స్పృహ తప్పేలా కొట్టాడు. ఆ రాత్రి జనం తెల్లవారి క్లబ్బు మీద పడ్డారు. కుర్రవాడి నోటి మాట ఊరి గొడవ కావడానికి ఒక్క సాయంత్రం పట్టింది.

ఈ సంఘటనలను స్వాతంత్ర్య పోరాట అధ్యాయంలో చదివి వదిలేస్తాం. విద్యార్థి సంఘాల చరిత్రలో వీటి స్థానం వేరు. అప్పటికే 1905లో బెంగాల్‌లో కార్లైల్ సర్క్యులర్ విద్యార్థులు సభలకు వెళితే విద్యాసంస్థలకు ఇచ్చే సాయాన్ని ఆపుతామని బెదిరించింది. 1907లో వచ్చిన రిస్లే సర్క్యులర్ అదే ధోరణిని దేశమంతటికీ పాకించింది. రెండింటి సారాంశం ఒకటే: విద్యార్థి చర్చించవచ్చు, నేర్చుకోవచ్చు, కానీ బహిరంగ విషయాల్లో పక్షం వహించకూడదు. ఎనభై ఏళ్ల తరువాత స్వతంత్ర రాష్ట్రంలో యూనియన్లను ఆపినప్పుడు వినిపించిన వాక్యాలు ఆ సర్క్యులర్ల భాషకు అంత దూరంగా లేవు. చెప్పిన కారణాలు వేరు, అది ఒప్పుకోవాలి.

నిజానికి కళాశాల యూనియన్ అనే ఏర్పాటు కూడా అదే దొరల దేశం నుంచి వచ్చింది. కేంబ్రిడ్జి యూనియన్ 1815లో, ఆక్స్‌ఫర్డ్ యూనియన్ 1823లో చర్చా సంఘాలుగా మొదలయ్యాయి. పార్లమెంటు పద్ధతిలో ఒక తీర్మానం, దానికి అనుకూలంగా కొందరు, వ్యతిరేకంగా కొందరు, చివర ఓటు. మద్రాసు రాజధానిలోని కళాశాలలకు చేరేసరికి దీనికి ఒక మార్పు జరిగింది. అక్కడ సంఘం విద్యార్థులది. ఇక్కడ అధ్యక్ష పీఠం మీద చాలాకాలం ప్రిన్సిపలో, ఒక ఆచార్యుడో కూర్చున్నాడు, విద్యార్థి కార్యదర్శిగా కింద ఉన్నాడు. అందుకే డెల్టాలో ఒక యూనియన్ ఎంత దూరం వెళ్లగలిగిందనేది చాలావరకు ఆ కుర్చీలో కూర్చున్న మనిషి స్వభావాన్ని బట్టి తేలింది.

అదే రాజమండ్రి కళాశాల చూడండి. బ్యాడ్జీలను ఓర్చుకోలేని హంటర్ తరువాత కొద్ది కాలానికే అక్కడ ఆస్వాల్డ్ కూల్‌డ్రే ప్రిన్సిపల్ అయ్యాడు. దామెర్ల రామారావు చేతిలోని చిత్రకారుణ్ణి, అడివి బాపిరాజులోని కవినీ చిత్రకారుణ్ణీ గుర్తించి వెన్ను తట్టినవాడు ఆయనే. కాకినాడ పిఠాపురం రాజా కళాశాలలో రఘుపతి వెంకటరత్నం నాయుడు 1904 నుంచి పదిహేనేళ్లు ప్రిన్సిపల్‌గా ఉన్నారు. అమ్మాయిలకు, అంటరానివారని ఊరు దూరం పెట్టిన పిల్లలకు తలుపులు తెరిచారు. దేవులపల్లి కృష్ణశాస్త్రి ఆయన ప్రభావంలో పెరిగిన విద్యార్థి. ఒకే డెల్టా, ఒకే దొరల పాలన. రెండు ఊళ్ల నడుమ నలభై మైళ్లు కూడా లేవు.

సభ, పత్రిక, గోడ

యూనియన్ సంప్రదాయాల్లో అన్నిటికంటే పాతది, నా లెక్కలో అన్నిటికంటే విలువైనది చర్చ. గోదావరి పట్టణాల్లో అవధానాలు, హరికథలు, నాటక సమాజాలు, పురాణ కాలక్షేపాలు ముందు నుంచీ ఉన్నాయి. మాట మీద మక్కువ ఉన్న నేల. అటువంటి చోట వక్తృత్వ పోటీ ఒక పోటీగా మిగలలేదు, వేడుక అయింది. తీర్మానం ఏదైనా కావచ్చు: కలం గొప్పదా కత్తి గొప్పదా, పల్లె మేలా పట్నం మేలా, ఇంగ్లీషు బోధన ఉండాలా పోవాలా. విషయం కంటే విసురు ముఖ్యం. ఎదుటివాడి మాటను పట్టుకుని తిప్పికొట్టగలవాడికి చప్పట్లు, తడబడ్డవాడికి వెనక బెంచీల ఈలలు. న్యాయవాదులు, ఉపాధ్యాయులు, నాటక రచయితలు, చివరికి శాసనసభ్యులు కూడా ఆ వేదిక మీద నోరు విప్పడం నేర్చుకున్నారు.

దాని తోబుట్టువు కళాశాల పత్రిక. ఏడాదికొకసారి వెలువడేది. ఇంగ్లీషు భాగం, తెలుగు భాగం, కొన్నిచోట్ల సంస్కృతం, హిందీ కూడా. విద్యార్థి సంపాదకుడు, పైన పర్యవేక్షించే లెక్చరర్. క్రీడాజట్ల ఫొటోలు, యూనియన్ వారి ఫొటో, కార్యదర్శి నివేదిక, ఇంకా పత్రికలేవీ వేయని తొలి కవితలు, కథలు. ఆ సంచికలు ఇప్పుడు గ్రంథాలయాల అటకల మీద చెదలు పట్టి ఉంటే ఉన్నాయి, లేకుంటే లేవు. డెల్టా విద్యార్థి జీవితానికి అంతకంటే నమ్మకమైన దస్తావేజు ఇంకొకటి దొరకదు.

యూనియన్ ప్రారంభోత్సవం మరో ముచ్చట. గెలిచినవారు పదవి చేపట్టే రోజున బయటి నుంచి ఒక పెద్దమనిషిని పిలవాలి. కవినో, న్యాయమూర్తినో, మంత్రినో, కాలం మారాక సినిమా నటుణ్ణో. ఎవరిని పిలవాలన్నది ప్యానెల్ పలుకుబడికి కొలత. అతిథి రైలు తప్పిపోతే ఆ పరాభవం వచ్చే ఎన్నిక దాకా గుర్తుండేది.

ఎన్నికల ప్రచారం గురించి చెప్పాలంటే గోడల గురించి చెప్పాలి. సున్నపు గోడ మీద ఎర్ర రంగు, నీలి రంగు. చేతితో రాసిన పోస్టర్లు. లెక్చరర్ అనుమతి తీసుకుని తరగతికి వచ్చి రెండు నిమిషాలు మాట్లాడి వెళ్లే అభ్యర్థులు. డెల్టా కళాశాలల్లో బయటి ఊళ్ల నుంచి బస్సుల మీద, లంకల నుంచి పడవలు దాటి వచ్చేవాళ్లు చాలామంది. కాబట్టి ఓట్లు లెక్క వేసేవాడు తరగతుల వారీగానే కాకుండా బస్సు రూట్ల వారీగా కూడా లెక్క వేయాలి. ఒక ఊరి బస్సు మొత్తం ఒకవైపు ఒరిగిందంటే ఆ ఊళ్లో ఏ వర్గం పైచేయిగా ఉందో పట్నంలో కూర్చుని చెప్పవచ్చు.

ఇక్కడ మొహమాటం లేకుండా చెప్పవలసిన మాట ఒకటుంది. ఆ లెక్కలో కులం ఉంది. మొదటి నుంచీ ఉంది. ధవళేశ్వరం ఆనకట్ట తరువాత కాలువల నీటితో పండిన సంపదే 1940ల నుంచి ఇక్కడి ప్రైవేటు కళాశాలలకు పునాది. భీమవరం కళాశాల 1945లో, నర్సాపురం వై.ఎన్. కళాశాల 1949లో, అమలాపురం ఎస్.కె.బి.ఆర్. కళాశాల 1951లో వచ్చాయి. దాతలు, రైతులు, జమీందారులు చేతులు కలిపి కట్టిన విద్యాలయాలు ఇవి. ఊరి పిల్లవాడు మద్రాసుకో, వాల్తేరుకో వెళ్లనక్కరలేకుండా డిగ్రీ చదివే అవకాశం వీటి వల్లే కలిగింది. ఊరి పలుకుబడి నిర్మించిన చోట ఊరి పలుకుబడి తగాదాలు కూడా అడుగు పెడతాయి. అధ్యక్ష పదవి ఒక కులానికి, కార్యదర్శి పదవి మరో కులానికి అని ప్యానెల్ సర్దుకోవడం ఎవరికీ వింతగా తోచేది కాదు. ఆ సర్దుబాట్లలో వెనక తోసివేయబడిన దళిత, వెనుకబడిన కులాల పిల్లలకు సంక్షేమ హాస్టళ్లు అండ అయ్యాయి. వామపక్ష విద్యార్థి సంస్థలు డెల్టాలో వేళ్లూనుకున్నది ప్రధానంగా ఆ హాస్టళ్ల వరండాల్లోనే.

వీధిలోకి, తరువాత మూతకు

1966లో విశాఖ ఉక్కు ఉద్యమం కోస్తా కళాశాలలన్నిటినీ వీధిలోకి తెచ్చింది. ఆ ఏడాది నవంబరులో విశాఖలో జరిగిన కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. 1970లో కేంద్రం కర్మాగారాన్ని ప్రకటించింది. విద్యార్థులు రోడ్డెక్కితే ఢిల్లీ దిగివస్తుందన్న నమ్మకం ఒక తరానికి అక్కడే కుదిరింది. 1972లో, తెలంగాణ ఉద్యోగాలు స్థానికులకే అనే ముల్కీ నిబంధనలపై సుప్రీంకోర్టు తీర్పు తరువాత, ప్రత్యేక రాష్ట్రం కోరుతూ జై ఆంధ్ర ఉద్యమం వచ్చింది. కళాశాలలు నెలల తరబడి మూతపడ్డాయి. 1973 జనవరిలో రాష్ట్రపతి పాలన విధించారు. ఈసారి నమ్మకం ఫలించలేదు. ప్రత్యేక రాష్ట్రం రాలేదు, ఆరు సూత్రాల పథకం వచ్చింది.

ఈ రెండు ఉద్యమాలూ యూనియన్ స్వభావాన్ని మార్చేశాయి. చర్చావేదిక కార్యదర్శి కంటే బస్సులు ఆపగల కార్యదర్శి ముఖ్యమయ్యాడు. కండబలానికి విలువ పెరిగింది. పక్కనే కృష్ణా తీరంలో విజయవాడ దీనికి చెడ్డ ఉదాహరణగా నిలిచింది. అక్కడ 1970లలో, 80లలో విద్యార్థి సంఘాల పేరుతో పెరిగిన వర్గాల పోరు చివరికి హత్యల వరకు వెళ్లింది. 1988 డిసెంబరులో విజయవాడ శాసనసభ్యుడు వంగవీటి మోహనరంగా హత్య తరువాత కోస్తా పట్టణాలు తగలబడ్డాయి. ఆ వేడిలో విద్యార్థి ఎన్నికలు వద్దంటే కాదన్న తల్లిదండ్రులు తక్కువ. ఇళ్లలో ఊపిరి పీల్చుకున్నారు కూడా. ఆ ఊరటను ఎగతాళి చేయడం నాకు ఇష్టం లేదు. కళాశాలకు పంపిన కొడుకు తల పగలగొట్టుకుని వస్తాడేమోనన్న భయం నిజమైనది.

కానీ ముఠాలు కళాశాల లోపల పుట్టలేదు. భూమి, రవాణా, కార్మిక సంఘాల మీద పట్టు కోసం బయట పుట్టి, మందిని సమకూర్చుకోవడానికి కళాశాలకు వచ్చాయి. గట్టు తెగిందని కాలువను పూడ్చేసినట్టు, యూనియన్‌ను తీసేశారు. ముఠాలకు వేరే చోట మంది దొరికారు.

ఈ మాటకు సాక్ష్యం కోసం దూరం పోనక్కర లేదు. 2022 మే 24న కోనసీమ జిల్లాకు అంబేడ్కర్ పేరు జోడించడాన్ని వ్యతిరేకిస్తూ మొదలైన ప్రదర్శన అమలాపురంలో మంత్రి ఇంటికి, శాసనసభ్యుడి ఇంటికి నిప్పు పెట్టేదాకా వెళ్లింది. వీధుల్లో ఎక్కువగా కనిపించినవారు యువకులు. వాళ్లను కూడగట్టడంలో వాట్సాప్ గ్రూపుల పాత్ర ఏమిటో అప్పట్లో అందరూ మాట్లాడుకున్నారు. ఈ యువకుల్లో ఎవరికీ కళాశాలలో యూనియన్ ఎన్నిక అనుభవం లేదు, ఉండే అవకాశమే లేదు. ఎన్నికలు ఉంటే ఆ రోజు అలా జరిగేది కాదని నేను అనను. ఎన్నికలు లేకపోవడం వల్ల యువతలో కులం చల్లారిందని మాత్రం ఇక ఎవరూ అనలేరు.

లింగ్డో ఏమన్నారు

ఎన్నికలు ఉండాలా వద్దా అన్న ప్రశ్నకు దేశస్థాయిలో ఒక సమాధానం ఇప్పటికే ఉంది. కేరళ విశ్వవిద్యాలయం కేసులో సుప్రీంకోర్టు చెప్పగా, మాజీ ప్రధాన ఎన్నికల కమిషనర్ జె.ఎం.లింగ్డో నాయకత్వంలో కమిటీ ఏర్పడింది. 2006 మేలో నివేదిక ఇచ్చింది. ఆ సెప్టెంబరు 22న కోర్టు ఆ సిఫార్సులను అమలు చేయమంది.

సిఫార్సులు కఠినమైనవే. అభ్యర్థి ఖర్చు 5,000 రూపాయలు దాటకూడదు. అచ్చు పోస్టర్లు నిషిద్ధం, చేతితో రాసినవే, అదీ కేటాయించిన చోటే. 75 శాతం హాజరు ఉండాలి, ఆ ఏడాది సబ్జెక్టులు మిగిలి ఉండకూడదు. డిగ్రీ విద్యార్థికి 17 నుంచి 22 ఏళ్ల వయసు, పరిశోధక విద్యార్థికి గరిష్ఠంగా 28. అధ్యక్షుడు, కార్యదర్శి వంటి పదవులకు ఒక్కసారే పోటీ. బయటివారు ప్రచారంలో వేలు పెట్టకూడదు. నామినేషన్ నుంచి ఫలితం దాకా అంతా పది రోజుల్లో ముగియాలి. సున్నపు గోడల మీద రంగులు చిమ్మిన తరం వారు ఈ జాబితా చదివితే నవ్వుకుంటారు.

వీటి మీద విమర్శలు లేకపోలేదు. ఢిల్లీ జె.ఎన్.యు.లో నిబంధనలు పాటించలేదని 2008లో కోర్టు ఎన్నికలను ఆపింది, తిరిగి 2012లో జరిగాయి. విద్యార్థులే నడుపుకునే మంచి ఎన్నికకు కూడా ఈ చట్రం అడ్డం పడిందని అక్కడివారు వాదించారు. ఆ వాదనలో బలం ఉంది. మన సమస్య దానికి పూర్తిగా తలకిందులు. ఈ నిబంధనలను ఉల్లంఘించడానికైనా మన దగ్గర ఎన్నిక ఉండాలి కదా. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో విద్యార్థులు ఓటు వేస్తున్నారు. డెల్టా నుంచి వెళ్లి అక్కడ ఎం.ఎ. చదివే పిల్ల బ్యాలెట్ అందుకుంటుంది. రాజమహేంద్రవరంలో ఎం.ఎ. చదివే ఆమె చెల్లెలికి ఆ అవకాశం లేదు.

డెల్టాకు సంబంధించి నివేదికలో ముఖ్యమైన భాగం వేరే ఉంది, దాన్ని పెద్దగా ఎవరూ ప్రస్తావించరు. ఒకే ప్రాంగణం ఉన్న చిన్న విశ్వవిద్యాలయాలకు నేరుగా ఎన్నికలు నప్పుతాయని కమిటీ అన్నది. అనేక ఊళ్లలో అనుబంధ కళాశాలలు ఉన్నచోట అంచెల పద్ధతి మేలన్నది. ముందు తరగతి ప్రతినిధులు, వారి నుంచి కళాశాల యూనియన్, కళాశాలల ప్రతినిధుల నుంచి విశ్వవిద్యాలయ సంఘం. కేరళలో కళాశాలల నుంచి ఎన్నికైన కౌన్సిలర్లు విశ్వవిద్యాలయ యూనియన్‌ను ఎన్నుకునే పద్ధతి నడుస్తూనే ఉంది. నన్నయ విశ్వవిద్యాలయం సరిగ్గా ఇటువంటి అనుబంధ వ్యవస్థ. వాల్తేరులో ఓటు లేని పాత డెల్టా విద్యార్థి కొరత ఈ పద్ధతిలో తీరుతుంది: తుని పిల్లవాడి మాట, పాలకొల్లు పిల్ల మాట కూడా విశ్వవిద్యాలయం గదిలోకి చేరుతుంది.

ఖాళీ చోట ఎవరున్నారు

యూనియన్ లేని కళాశాలలో విద్యార్థుల తరఫున అసలు ఎవరూ లేరనడం సరికాదు. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిలు, మెస్ ఛార్జీలు, బస్ పాసులు, 2021లో ఎయిడెడ్ కళాశాలల వివాదం, వీటి మీద కలెక్టరేట్ ముందు కూర్చున్నది విద్యార్థి సంస్థలే. కొన్ని సాధించాయి కూడా. రాష్ట్రమంతటికీ చెందిన సమస్యకు రాష్ట్రస్థాయి సంస్థ సరైన ఆయుధం.

ఒక కళాశాలకే చెందిన సమస్య సంగతి వేరు. ప్రయోగశాలలో పరికరాలు లేవు, హాజరు పేరుతో జరిమానాలు ఇష్టం వచ్చినట్టు వేస్తున్నారు, అమ్మాయిల మరుగుదొడ్డికి తాళం, గ్రంథాలయం నాలుగింటికే మూత. దీనికి బంద్ పిలుపు పనికిరాదు. మొహం తెలిసిన ఒక ప్రతినిధి వారానికి మూడుసార్లు ప్రిన్సిపల్ గది ముందు నిలబడాలి. ఆ మనిషి వెనక ఓట్లు ఉండాలి, లేకపోతే మర్నాడే ఇంటర్నల్ మార్కులు గుర్తుచేస్తారు.

ప్రభుత్వం ఈ ఖాళీని నామినేషన్‌తో నింపింది. 2023 యు.జి.సి. నిబంధనల ప్రకారం విద్యార్థుల ఫిర్యాదుల పరిష్కార కమిటీలో ఒక విద్యార్థి ఉంటాడు, కానీ ప్రత్యేక ఆహ్వానితుడిగా, చదువులోనో ఆటల్లోనో ప్రతిభ చూసి ఎంపిక చేసినవాడిగా. కళాశాలలకు గ్రేడు ఇచ్చే న్యాక్ బృందం వస్తుందనగానే కాగితాల మీద విద్యార్థి మండలి వెలుస్తుంది. అందులో ఉండేది మంచి పిల్లలే, ఆ మాటలో వ్యంగ్యం లేదు. తొంభై శాతం మార్కులు తెచ్చుకున్న అమ్మాయికి సబ్జెక్టు పోయిన కుర్రవాడి ఫిర్యాదు ఎలా తెలుస్తుంది? తెలిసినా, తనను ఎంపిక చేసిన వారి ముందు ఎంత గట్టిగా చెప్పగలదు?

అమ్మాయిల విషయంలో నష్టం ఇంకా ఎక్కువ. పాత రోజుల్లో ఎల్.ఆర్. పదవి ఒక మూల వేసిన కుర్చీ లాంటిదే కావచ్చు, కానీ ఏటా ఒక అమ్మాయి వేదిక ఎక్కి ఓటు అడిగే అవకాశం అది. ఇప్పుడు డిగ్రీ తరగతుల్లో అమ్మాయిల బెంచీలు నిండుగా ఉంటాయి. పంచాయతీలో సగం స్థానాలు మహిళలవి. కళాశాలలో నేర్చుకోవలసిన ఆ విద్యను వాళ్లు సర్పంచిగా నెగ్గిన తరువాత, భర్త సంతకం పెట్టేస్తుంటే చూస్తూ, నేర్చుకోవలసి వస్తోంది.

అడ్డంకులు నిజంగానే ఉన్నాయి. సెమిస్టర్ పద్ధతిలో ఏడాదికి రెండు పరీక్షలు, మధ్యలో ఇంటర్నల్స్, ఇంటర్న్‌షిప్, దేనికీ ఊపిరి సలపదు. డెల్టాలో ఇప్పుడు ఎక్కువమంది చదివేది ప్రైవేటు ఇంజినీరింగ్, డిగ్రీ కళాశాలల్లో. వాటి యాజమాన్యాలకు ఎన్నుకున్న విద్యార్థి ప్రతినిధి అంటే ఫీజుల లెక్క అడిగేవాడు. లింగ్డో కమిటీ దీన్ని ఊహించకపోలేదు. పరిస్థితి బాగాలేని చోట తాత్కాలికంగా నామినేషన్ పెట్టుకోవచ్చని, అయితే ఐదేళ్లలో ఎన్నికలకు మారాలని చెప్పింది. 2006 నుంచి లెక్కిస్తే ఆ గడువు 2011తో తీరింది, అంటే మైదానాల్లో ఓటరు ప్రతిజ్ఞలు మొదలైన ఏడాదితో.

అంచెల పద్ధతిలో మొదటి మెట్టు ఇప్పటికే ప్రతి కళాశాలలోనూ ఉంది. ప్రతి తరగతికీ ఒక సి.ఆర్., అంటే తరగతి ప్రతినిధి, ఉన్నారు. వాట్సాప్ గ్రూపులో టైంటేబుల్ పెట్టడం, లెక్చరర్ రానప్పుడు ఆఫీసుకు వెళ్లి చెప్పడం, రికార్డులు పోగుచేసి అందించడం వాళ్ల పని. చాలా చోట్ల మొదటి వారంలో లెక్చరర్ ముందు బెంచీ వైపు చూపించిన వేలితోనే ఆ ఎంపిక అయిపోతుంది. దానికి బదులు తెల్లకాగితం ముక్కలు పంచి, పేర్లు రాయించి, బల్ల మీద అందరి ముందూ లెక్కపెడితే ఒక పీరియడ్ పడుతుంది. పోస్టర్లు అక్కరలేదు, ఐదు వేలు అక్కరలేదు, పోలీసులు అక్కరలేదు. కొత్త విద్యా సంవత్సరంలో ఆ ఒక్క పీరియడ్‌ను ఎన్ని కళాశాలలు ఇస్తాయో చూడాలి.